గసగసాల గింజంత సాలీడు

మా వంటింట్లో స్విచ్‌బోర్డు పక్కన గోడకి రూపాయి బిళ్ల కంటే చిన్న తెల్లమచ్చ ఒకటి ఉండేది. సున్నం పొర లేచిందనుకుని చాన్నాళ్లు పట్టించుకోలేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేదాకా కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చి అటే చూస్తూ నిలబడ్డాను. గోడ మీద పోతున్న చీమ ఒకటి ఆ మచ్చ అంచుని తాకింది. తాకీ తాకగానే లోపలి నుంచి నువ్వుగింజంత ప్రాణి బయటపడి, చీమ వైపు వీపు తిప్పి, దాని చుట్టూ గిరగిరా తిరగసాగింది. కొన్ని చుట్లు పూర్తయ్యేసరికి చీమ కాళ్లు ఆడడం మానేశాయి. కంటికి ఆననంత సన్నని దారంతో దాన్ని గోడకి కట్టి పడేసింది. ఆ తరవాతే దగ్గరికి వెళ్లి కరిచింది.

శాస్త్రంలో దీని పేరు ఈకోబియస్. మన ఇళ్ల గోడల మీద, తలుపు చట్రాల సందుల్లో కాపురం ఉండే సాలీడు. ఒళ్లంతా కలిపి రెండు మూడు మిల్లీమీటర్లు. పొట్ట చివర దువ్వెనలా వెంట్రుకల కుచ్చు ఉంటుంది, దారాన్ని పరిచేందుకు అది పనికొస్తుంది. ముఖ్యమైన ఆహారం చీమలు. చీమ తనంత ఉన్నా, తనకన్నా పెద్దదైనా, ముందు కట్టేయడం, తరవాత కరవడం దీని పద్ధతి. అంత చిన్న తలలో ఇంత క్రమం ఎక్కడ ఇమిడింది? ఆ రోజు నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చిన్న సాలీళ్ల గురించి ఇన్నేళ్లుగా శాస్త్రవేత్తలు తెలుసుకున్నదాన్ని దగ్గరపెట్టుకుని చదివితే ఎన్నో పరిశోధనలు చివరికి ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయనిపించింది. ప్రాణి ఎంత చిన్నదైతే దాని పనితనం తగ్గడం మొదలవుతుంది?

తెలుగువాళ్లు ఈ ప్రాణికి పనిని బట్టి పేరు పెట్టారు. సాలె అంటే నేత నేసేవాడు. శ్రీకాళహస్తి స్థలపురాణంలోని ముగ్గురు భక్తుల్లో ఒకటి సాలీడు, ఆ ఊరి పేరులోని ‘శ్రీ’ దానికే గుర్తు. వాడుకలో పురుగు అంటున్నాం గానీ ఇది కీటకం కాదు. కీటకానికి ఆరు కాళ్లు, దీనికి ఎనిమిది. తొలకరిలో ఎర్రమఖమల్ ముద్దలా నేల మీద పాకే ఆరుద్ర పురుగూ, తేలూ దీనికి చుట్టాలు. ప్రపంచ సాలీళ్ల జాబితాలో 2022 ఏప్రిల్‌లో 50,000వ జాతి నమోదైంది. మన దేశంలో ఇంతవరకు గుర్తించినవి దాదాపు రెండు వేలు. వీటిలో ఎక్కువ భాగం సెంటీమీటరు లోపువే. అయినా పేరు పెద్దవాటికే వస్తుంది. 1899లో పోకాక్ పేరు పెట్టిన నీలిరంగు గుత్తి సాలీడు ప్రపంచమంతటికీ తెలుసు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో మిగిలి ఉన్న ఆ అందగత్తెను కాపాడుకోవాల్సిందే. కానీ అదే అడవి నేల మీద, ఎండుటాకుల కింద బతికే వందలాది చిన్న సాలీళ్ల గురించి ఒక్క వార్తా రాదు.

ఇప్పటిదాకా తెలిసిన సాలీళ్లలో అతి చిన్నదిగా చెప్పేది కొలంబియాకు చెందిన పాటు డిగువా. 1977లో ఫార్‌స్టర్, ప్లాట్నిక్ అనే శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించారు. మగదాని దేహం పొడవు 0.37 మిల్లీమీటరు. గసగసాల గింజ దానికి రెండింతల పైన ఉంటుంది. దాని దగ్గరి చుట్టం పాటు మార్ప్లెసీ సమోవా దీవుల నాచులో బతుకుతుంది, అదీ అర మిల్లీమీటరు లోపే. ఈ కుటుంబంలోని సాలీళ్లు ఉత్తగా దాక్కుని బతికేవి కావు. నేలకి సమాంతరంగా, చువ్వల్లాంటి లెక్కలేనన్ని దారాలతో చక్రంలా గూడు అల్లుతాయి. అంత చిన్న ఒంట్లో దారపు గ్రంథులు, ఎనిమిది కాళ్లకి కండరాలు, విషపు కోరలు, అన్నిటికీ మించి ఆ అల్లకాన్ని నడిపించే మెదడు ఇమడాలి.

ఇమడడంలోనే చిక్కు ఉంది. ఒళ్లు తగ్గినంతగా మెదడు తగ్గదు. పద్దెనిమిదో శతాబ్దపు స్విస్ వైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ హాలర్ పేరు మీద ఒక సూత్రం ఉంది. జంతువు చిన్నదయ్యే కొద్దీ దాని ఒంటితో పోల్చితే మెదడు వాటా పెరుగుతుంది. మనిషి మెదడు ఒంటి బరువులో రెండు శాతం చిల్లర. మరి అర మిల్లీమీటరు సాలీడు సంగతి? పనామాలోని స్మిత్సోనియన్ ఉష్ణమండల పరిశోధన సంస్థలో విలియం విస్లో, విలియం ఎబర్‌హార్డ్ బృందం తొమ్మిది జాతుల సాలీళ్లను కోసి చూసింది. అడవిలో గజం వెడల్పున గూడు కట్టే నెఫిలా ఒక కొన, మైస్మీనా అనే జాతి పిల్లలు మరో కొన. ఆ రెండు కొనల మధ్య బరువులో తేడా నాలుగు లక్షల రెట్లు. 2011లో వాళ్లు ప్రకటించిన ఫలితాన్ని చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అతి చిన్న సాలీళ్ల ఒంటి లోపలి ఖాళీలో దాదాపు 80 శాతాన్ని నాడీ వ్యవస్థే ఆక్రమించింది. అక్కడా చాలక కాళ్లలోకి దిగింది, కాళ్ల లోపలి జాగాలో పావు వంతు దానిదే. కొన్ని పిల్లల్లో మెదడు పట్టక ఛాతీ అడుగున ఉబ్బి బయటికి పొడుచుకొచ్చింది. అదే జాతిలో పెద్దయినవాటికి ఆ ఉబ్బు లేదు. ఒళ్లు ఎదిగాక మెదడుకి జాగా దొరికింది.

దీనికి కారణం కణాల్లో ఉంది. నాడీకణం ఎంత చిన్నదైనా దాని కేంద్రకంలో ఆ ప్రాణి జన్యువులన్నీ ఉండాలి, వాటికి కొంత చోటు తప్పదు. నాడీతంతువు కూడా ఒక హద్దు దాటి సన్నబడితే లోపలి అయాన్ల ప్రవాహం చెడి సంకేతం తప్పిపోతుంది. కాబట్టి సాలీడు కుదించుకుపోతున్నా కణాలు ఒకచోట ఆగిపోతాయి. సాలీడు మెదడు ఆహారనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. మింగే దారి మెదడు నడిమధ్య నుంచి పోతుంది. ఆ మెదడే ఒళ్లంతా నిండిపోతే జీర్ణావయవాలకు మిగిలేది ఎంత? నాడీ కణజాలం శక్తిని బాగా తినే కణజాలం. ఇంత మెదడుని మోయాలంటే సాలీడు రోజూ సంపాదించే తిండిలో పెద్ద వాటా దానికే పోతుంది.

ఇంత ఖర్చు పెట్టినందుకు ఫలం దక్కిందా అన్నది తరవాతి ప్రశ్న. నా మటుకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికన్నా విలువైన జవాబు దీనికే వచ్చింది. ఎబర్‌హార్డ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో చిన్నా పెద్దా సాలీళ్ల గూళ్లు పక్కపక్కన పెట్టి కొలిచాడు. చక్రపు గూటిలో జిగురుదారం సర్పిలంగా తిరుగుతుంది. వరసకీ వరసకీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. సాలీడు ఆ ఎడాన్ని కంటితో చూసి వేయదు, కాలితో తడిమి, ముందు వేసిన వరస ఎక్కడుందో గుర్తుపెట్టుకుని వేస్తుంది. మెదడు చాలకపోతే ఆ తడబాటు ఎడంలో బయటపడాలి. బయటపడలేదు. మిల్లీగ్రాములో వందో వంతు కూడా తూగని పిల్ల సాలీడు, తనకంటే వేల రెట్లు బరువైన సాలీడుతో సమానంగా గీత తప్పకుండా అల్లింది. పనితనంలో చిన్నతనం కనిపించలేదు.

పరిశీలించినవి కొద్ది జాతులే. అవీ ఎక్కువగా మధ్య అమెరికా అడవులవి. గూడు అల్లడం అనే ఒక్క పనినే కొలిచారు, నేర్చుకోవడం, గుర్తుంచుకోవడం లాంటివి ఇంత చిన్నవాటిలో కొలవడం ఇంకా కష్టం. ఈ హద్దులు మనసులో పెట్టుకునే ఆ ఫలితాన్ని చదవాలి. అయినా ‘చిన్న మెదడు, చిన్న బుద్ధి’ అన్న తేలిక లెక్క ఇక్కడితో చెల్లిపోయిందనే నా అభిప్రాయం.

చిన్నదనానికి వేరే చెల్లింపులు ఉన్నాయి. పాటు కుటుంబపు సాలీళ్లకు, పెద్ద సాలీళ్లకుండే పుస్తకం పుటల్లాంటి ఊపిరితిత్తులు లేవు, సన్నని గాలిగొట్టాలతోనే ఊపిరి. ఆడవాటికి నోటి పక్కనుండే పొట్టి స్పర్శకాళ్లు కూడా పోయాయి. చిన్న ఒళ్లు తొందరగా ఆరిపోతుంది గనక నాచు, తడి ఆకులు, రాళ్ల అడుగు వదిలి ఇవి దూరం పోలేవు.

వేట దగ్గరికి వస్తే, బలం లేనివాటికి దారమే కండ. పెరూ అడవుల్లో ఒక మిల్లీమీటరు సాలీడు ఉంది. శంకువులా అల్లిన గూటి మధ్యలో కూర్చుని, గూటికి కట్టిన బిగుతు దారాన్ని కాళ్లతో వెనక్కి లాగి పట్టుకుంటుంది. మనం ఉండేలు లాగినట్టు. దోమ దగ్గరికి రాగానే వదిలేస్తుంది. గూడుతో సహా సాలీడు ముందుకు దూసుకుపోయి దోమను చుట్టేస్తుంది. అమెరికాలోని జార్జియా టెక్‌లో సిమోన్ అలెగ్జాండర్, సాద్ భామ్లా 2020లో దీన్ని వేగపు కెమెరాతో కొలిచారు. సెకనుకు నాలుగు మీటర్ల పైన వేగం, త్వరణం చిరుతపులి అందుకోగలిగినదానికి వంద రెట్లు. లాగి పట్టుకున్న దారాన్ని సాలీడు గంటల తరబడి అలాగే పట్టుకుని కాచుకుంటుంది. దోమ రాకపోతే ఆ కాపలా అంతా వృథాయే.

ఇంకో కుటుంబం ఉంది, యూలోబోరిడే. మన ఇళ్లలో, కొట్టాల్లో కూడా దీని సభ్యులు ఉంటాయి. సాలీడంటే విషం అనుకునే మనకి ఇది ఆశ్చర్యం. వీటికి విషగ్రంథులే లేవు. దొరికిన పురుగును దారంతో చుట్టి చుట్టి, ఆ చుట్ల ఒత్తిడితోనే కాళ్లు విరిగేంతగా నలిపేస్తాయి. కోస్టారికాలో కొన్ని మిల్లీమీటర్ల ఫిలోపొనెల్లా ఒక్క పురుగును చుట్టడానికి 140 మీటర్లకు పైగా దారం వాడడాన్ని ఎబర్‌హార్డ్ లెక్కగట్టాడు. దీని చైనా చుట్టమైన ఫిలోపొనెల్లా ప్రామినెన్స్ మగవాటికి మరో కష్టం. జత కట్టడం అయిన క్షణంలోనే ఆడది మగదాన్ని తినబోతుంది. మగది ముందుకాళ్లను ఆడదాని ఒంటికి ఆనించి మడిచి, ఒక్కసారిగా సాచి ఎగిరి పడుతుంది. 2022లో చైనా పరిశోధకులు చూసిన 155 జతల్లో 152 మగవి అలా ఎగిరి బతికాయి. ఎగరని మూడింటినీ ఆడవి తినేశాయి. టిడారెన్ అనే జాతి మగవి ఇంకా ముందుకెళ్తాయి. ఆడదాని బరువులో నూరో వంతు ఉండే ఆ మగదానికి వీర్యాన్ని అందించే అవయవాలు రెండు, ఒక్కోటి ఒంటి బరువులో పదో వంతు. పెద్దదవడానికి ముందే ఒకదాన్ని తానే మెలిపెట్టి తెంపేసుకుంటుంది. 2004లో అమెరికాలో చేసిన కొలతల్లో, ఆ అవయవం పోయాక మగది 44 శాతం వేగంగా పరుగెత్తింది, అలసట లేకుండా పరుగెత్తే శక్తి 63 శాతం పెరిగింది. ఆడదాన్ని చేరుకునే పోటీలో ఆ తేడాయే బతుకు.

చిన్నదవడం వల్ల సాలీడుకి పెద్దవాటికి దక్కని వరం ఒకటి దక్కింది. ఆకాశం.

1832లో బీగిల్ ఓడ దక్షిణ అమెరికాలో లా ప్లాటా నది ముఖద్వారం ఎదుట సముద్రంలో ఉంది. ఒడ్డు అరవై మైళ్ల దూరం. తెరచాపల తాళ్లన్నీ వేలకొద్దీ చిన్న సాలీళ్లతో నిండిపోయాయి. ఒక్కోటి అంగుళంలో పదో వంతు. ఇరవై మూడేళ్ల డార్విన్ వాటిని గమనించాడు. దారం వదిలి, గాలి దాదాపు ఆడని వేళ కూడా చటుక్కున పైకి లేచిపోవడం చూశాడు. అర్ధ శతాబ్దం తరవాత, 1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతం బద్దలై ఆ దీవిలో చీమ కూడా మిగల్లేదు. తొమ్మిది నెలలకి అక్కడ దిగిన ఫ్రెంచి బృందానికి కనిపించిన ఒకే ఒక్క ప్రాణి చిన్న సాలీడు. బూడిద మీద గూడు అల్లుకుంటోంది. దాని చుట్టూ తినడానికి ఒక్క పురుగు కూడా లేదు. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

సాలీళ్లు ఎగరడమంటే మన తుమ్మెదలు ఎగిరినట్టు కాదు. గడ్డిపోచ కొసకెక్కి, కాలివేళ్ల మీద నిలబడ్డట్టు ఒళ్లెత్తి, పొట్ట పైకి పెట్టి దారాలు వదులుతాయి. గాలిపటం దారాన్ని లాగినట్టు ఆ దారాలు వాటిని లాక్కుపోతాయి. చాలాకాలం దీన్ని గాలి పనిగానే లెక్కవేశారు. బెర్లిన్‌లో పనిచేస్తున్న మూన్‌సంగ్ చో బృందం 2018లో పీత సాలీళ్ల మీద చేసిన పరిశీలనలో, ఎగరబోయే సాలీడు ముందుగా ఒక కాలెత్తి గాలి తీరు పరీక్షిస్తుందనీ, ఆపై 50, 60 దారాలు ఒకేసారి వదులుతుందనీ తేలింది. ఒక్కోటి మూడు మీటర్ల దాకా పొడవు, మందం తల వెంట్రుకలో కొన్ని వందల వంతు. అంత సన్నటి దారానికి గాలి నీళ్లంత చిక్కగా తగులుతుంది.

అయితే గాలి లేని రోజు పైకి లేచేవాటి సంగతి? విద్యుత్తు వల్ల అని 19వ శతాబ్దం తొలినాళ్లలోనే కొందరన్నారు, ఎవరూ నమ్మలేదు. నేలకీ ఆకాశానికీ మధ్య ఎప్పుడూ విద్యుత్ క్షేత్రం ఉంటుంది. ఆకాశం తేటగా ఉన్న రోజున ఎత్తు ఒక మీటరు పెరిగితే వంద వోల్టులకు పైగా తేడా. ఉరుములు మెరుపులున్న రోజు వేలల్లో. 2018లోనే బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఎరికా మోర్లే, డేనియల్ రాబర్ట్ ఎరిగోన్ అనే చిన్న సాలీళ్లను గాలి చొరబడని పెట్టెలో ఉంచి, లోపల అంతే విద్యుత్ క్షేత్రాన్ని కలిగించారు. సాలీళ్లు కాలివేళ్ల మీద లేచి దారం వదిలాయి. కొన్ని గాల్లోకి లేచాయి. మీట నొక్కితే పైకి, ఆపితే కిందికి. కాళ్ల మీది సన్నని నూగు ఆ క్షేత్రానికి కదలడం కూడా చూశారు. గాలికీ విద్యుత్తుకీ మధ్య పంపకం ఎంత అన్న వాదం ఇంకా సాగుతోంది. రెండూ కలిసి పనిచేస్తాయన్న పక్షానికే నేను మొగ్గుతాను. మనకి తెలియని ఒక శక్తిని ఆ ప్రాణి నూగుతో తెలుసుకుని వాడుకుంటోందన్న సంగతిలో మాత్రం ఇక వాదం లేదు.

గంతులు వేసే సాలీళ్ల కథ వేరే. సాలీళ్లలో పెద్ద కుటుంబం ఇదే, 6,000 జాతులకు పైనే. కిటికీ ఊచ మీద ఈగ వెనక పొంచి, తల తిప్పి మనల్ని కూడా చూసే బూడిదరంగు సాలీడు ఈ కుటుంబానిదే. ముందున్న రెండు పెద్ద కళ్లు తల లోపలికి గొట్టాల్లా సాగి ఉంటాయి. వాటి కొసనున్న రెటీనాని కండరాలతో అటూ ఇటూ కదుపుతుంది. గంతుకి కండబలం చాలదు, ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి తోసి కాళ్లు సాచుతుంది. ఎవరెస్టు మీద 6,700 మీటర్ల ఎత్తున 1924 బ్రిటిష్ యాత్రలో దొరికినది ఈ కుటుంబపు సాలీడే. చెట్టూ చేమా లేని చోట, గాలి కింది నుంచి మోసుకొచ్చే సన్నపురుగులే దానికి ఆహారం. మెక్సికోలో తుమ్మజాతి చెట్ల మీద చీమల కళ్లుగప్పి ఆకుకొసల మొగ్గలు తింటూ దాదాపు శాకాహారిగా బతికేది ఇంకొకటి, బఘీరా కిప్లింగీ. మన అడవుల కథ రాసిన కిప్లింగ్ పేరునీ ఆయన నల్ల చిరుత పేరునీ కలిపి 1896లో పెట్టిన పేరు అది.

జర్మనీలో డానియేలా రోస్లర్ 2022లో రాత్రిళ్లు దారానికి వేలాడుతున్న ఈ కుటుంబపు పిల్ల సాలీళ్లను వీడియో తీసింది. ఆ వయసులో వాటి ఒళ్లు గాజులా ఉంటుంది, లోపలి కళ్ల గొట్టాలు కనిపిస్తాయి. కొంతసేపటికోసారి ఆ గొట్టాలు చకచకా కదిలాయి, కాళ్లు ముడుచుకున్నాయి. మనం కలలు కనే నిద్రలో మన కళ్లు కదిలే తీరుకి అది చాలా దగ్గర. కలే అనడానికి ఇంకా ఆధారం చాలదు. కానీ ప్రశ్న అడగడానికి చాలినంత ఉంది.

దానికి నాలుగేళ్ల ముందు, చైనాలోని యున్నాన్‌లో, చీమలా కనిపించే టాక్సియస్ మాగ్నస్ అనే గంతుల సాలీడు గూటిలో చూసింది ఇంకా గొప్పది. ఒక మిల్లీమీటరు కూడా లేని పిల్లలు ఇరవై రోజుల పాటు బయటికి రాలేదు, తల్లి బయటి నుంచి ఏమీ తేలేదు. అయినా పెరుగుతున్నాయి. తల్లి పొట్ట అడుగు నుంచి చుక్కలుగా ఒక ద్రవం వస్తోంది, పిల్లలు దాన్ని తాగుతున్నాయి. ఆవుపాలలో కన్నా అందులో మాంసకృత్తులు దాదాపు నాలుగింతలు. వేటాడడం నేర్చాక కూడా నలభై రోజుల వయసుదాకా పిల్లలు తల్లి దగ్గర తాగుతూనే ఉన్నాయి. పాలివ్వడం, పెంచడం మన జాతికీ ఆవుకీ గేదెకీ చెందిన సంగతులని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. ఆ పాఠం పక్కన ఇకనుంచి ఈ సాలీడు పేరు కూడా రాయాలి.

చీమను అనుకరించే సాలీళ్లు మన దగ్గరా ఉన్నాయి. మామిడి ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమల మధ్య మిర్మరాక్నె అనే సాలీడు అచ్చం చీమలాగే తిరుగుతుంది. ముందు కాళ్లు రెండూ ఎత్తి మీసాల్లా ఆడిస్తుంది. చీమల వరసలో ఒకటి దారం వదిలి కిందికి వేలాడిందా, అది చీమ కాదు. ఇంకో చిన్నది, పాదరసం బొట్టులా మెరిసే ఆర్గిరోడిస్, అడవుల్లో పెద్ద సాలీళ్ల గూటిలోనే చేరి, యజమాని లెక్కచేయని చిన్న పురుగుల్ని ఏరుకుని బతుకుతుంది.

ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. రాత్రికి రాత్రి మెడ మీదో చేతి మీదో మంటతో పొక్కులు లేస్తే ‘సాలెపురుగు పాకింది’ అనడం మనకి అలవాటు. వానాకాలంలో దీపాల చుట్టూ చేరే పెడెరస్ అనే సన్నని నలుపూ నారింజ రంగుల పురుగును నిద్రలో నలిపితే దాని రసం వల్ల అలాంటి పొక్కులు వస్తాయి. గోడ మీది చిన్న సాలీడు కోరలకు మన చర్మాన్ని చీల్చే బలమే లేదు. చేయని తప్పుకి బూజుకర్ర దెబ్బ తింటున్నది అది.

మన నేల మీది చిన్న సాలీళ్ల గురించి జరిగిన పని ఎంత తక్కువో తెలుసుకోవాలంటే ఊనోపిడే కుటుంబాన్ని చూడాలి. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు, చాలావాటికి ఆరు కళ్లే, ఆకుచెత్తలో నివాసం. 2006లో ప్లాట్నిక్ నాయకత్వంలో అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఈ ఒక్క కుటుంబాన్నే వెతకాలని పూనుకున్నారు. అప్పటికి తెలిసినవి సుమారు 500 జాతులు. ఇప్పుడు 1,800 దాటాయి. వెతికిన చోటల్లా దొరికాయి. నల్లమలలో, పాపికొండల్లో గుప్పెడు ఆకుచెత్తను జల్లెడ పట్టి చూసే పని మన కళాశాలల విద్యార్థులు ఏ ఖరీదైన పరికరం లేకుండా చేయగలరు. తెల్లగుడ్డ, జల్లెడ, చేతికద్దం చాలు.

పని జరిగిన చోట ఫలితం ఎలా ఉంటుందో కుప్పం చెబుతుంది. ఆ చుట్టుపక్కల ముళ్లకంపల మీద, కంచెల మీద, కొమ్మల మధ్య దుమ్ముపట్టిన దూదిముద్దల్లా కనిపించేవి స్టెగొడైఫస్ సరసినోరమ్ అనే సంఘజీవి సాలీడు గూళ్లు. పెద్దవి సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. ఒకే గూటిలో పదులు, కొన్నిచోట్ల వందలు కలిసి కాపురం. కలిసి వేటాడతాయి, కలిసి పిల్లల్ని పెంచుతాయి. మన దేశపు పరిశోధకులతోపాటు డెన్మార్క్ నుంచి వచ్చినవాళ్లు కూడా కుప్పం గూళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వేటకి ముందుకొచ్చేవి ఏవో, వెనక ఉండిపోయేవి ఏవో విడివిడిగా గుర్తుపెట్టి చూశారు. ఈ సాలీడు తల్లి పిల్లలకి తన నోటి నుంచి ఆహారం అందించి, చివరికి తన ఒంటినే ఆహారంగా ఇచ్చేస్తుంది. కంపకొట్టేటప్పుడు ఆ దూదిముద్దని చూసి మంట పెట్టేముందు ఈ మాట గుర్తుకొస్తే బాగుండు.

ఇక పొలం. ఈ వ్యాసం రాయడానికి నాకున్న అసలు కారణం ఇదే.

ప్రపంచంలోని సాలీళ్లన్నీ కలిసి ఏడాదికి 40 కోట్ల నుంచి 80 కోట్ల టన్నుల పురుగుల్ని తింటాయని నైఫెలర్, బిర్క్‌హోఫర్ 2017లో అంచనా కట్టారు. మనుషులంతా కలిసి ఏడాదికి తినే మాంసం, చేపలు దాదాపు 40 కోట్ల టన్నులు. ఆ లెక్క వరిదుబ్బు మొదట్లో ఎలా ఉంటుందో చూడండి. దుబ్బు మొదట్లో నీటికి జానెడు ఎత్తులోపు అటిపెనా అనే మరుగుజ్జు సాలీడు ఉంటుంది. మూడు మిల్లీమీటర్లు, నెమ్మదిగా కదులుతుంది, పిలకల మధ్య సన్నగా దారాలు పరుస్తుంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1987లో రైతుల కోసం వేసిన చిన్న పుస్తకంలో ఒక్కో దుబ్బు మొదట్లో ఇవి 30, 40 దాకా ఉంటాయనీ, ఒక్కోటి రోజుకి నాలుగైదు వరిదోమ పిల్లల్ని తింటుందనీ ఉంది. దానికి తోడు నీటి మీద పరుగెత్తే తోడేలు సాలీడు రోజుకి ఐదు నుంచి పదిహేను దాకా తింటుంది. వరి రసం పీల్చే సుడిదోమ చేరేదీ సరిగ్గా ఆ మొదళ్లలోనే.

సుడిదోమ కనబడగానే మందు కొడితే ఏమవుతుంది? పైన పడ్డ మందుకి దోమ కొంత చస్తుంది, సాలీళ్లు చాలావరకు చస్తాయి. ఆకుతొడుగు లోపల దాచిన దోమ గుడ్లకి మందు అందదు. వారం పది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు వచ్చేసరికి తినేవాళ్లు ఎవరూ ఉండరు. దోమ మునుపటికన్నా పెరుగుతుంది, చేను సుడులు సుడులుగా మాడిపోతుంది. ఇండోనేషియాలో 1970లు, 80లలో ఇదే జరిగి, 1986లో ఆ దేశాధ్యక్షుడు వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించాడు. ఆ తరవాత అక్కడ మొదలైన రైతు బడులే మన దగ్గరికి పొలంబడిగా వచ్చాయి. పొలంబడిలో కూర్చున్న రైతులకి మిత్రపురుగుల బొమ్మల్లో సాలీడునీ చూపిస్తారు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ చెప్పే లెక్క తేలిక. రెండు శత్రుపురుగులకి ఒక మిత్రపురుగు ఉంటే సాధారణంగా మందు అవసరం రాదు. ఈ లెక్క ప్రతి పురుగుకీ ప్రతి దశకీ ఒకే తీరున అన్వయించదు, మీ ఊరి వ్యవసాయ విస్తరణాధికారిని అడిగి చూసుకోవాలి. కానీ లెక్కపెట్టకుండా మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. రైతన్నలకూ, పొలం పనిచేసే అక్కచెల్లెళ్లకూ నా మనవి ఇది. ఈ ఖరీఫ్‌లో సుడిదోమ ఉందన్న అనుమానం రాగానే, పొద్దున్నే మంచు ఆరకముందు చేలోకి దిగండి. అప్పుడు సాలెదారాలు తడితో తెల్లగా కనిపిస్తాయి. చేనుకి అడ్డంగా నడుస్తూ ఇరవై దుబ్బులు ఎంచుకుని, ఒక్కో దుబ్బునీ రెండు చేతులతో విడదీసి, మొదట్లో దోమలెన్నో, సాలీళ్లెన్నో విడివిడిగా లెక్కపెట్టండి. ఆ రెండు అంకెలూ చీటీ మీద రాసుకున్నాకే మందుల దుకాణానికి బయల్దేరండి.